రెండు దినాల రాజమహేంద్రవరం

గోదావరి ఎడమగట్టున వెలసిన రాజమహేంద్రవరానికి ప్రతిదినం వేలాదిమంది వచ్చి పోతూ ఉంటారు. చెన్నై నుండి హౌరా వెళ్లే ప్రధాన రైలుమార్గం మీద ఉండడం వల్ల ఇటు విజయవాడ నుండి, అటు విశాఖపట్టణం నుండి కొద్ది గంటల ప్రయాణంలోనే ఈ నగరాన్ని చేరవచ్చు. అయితే వచ్చినవారిలో నగరాన్ని చూడడానికి వచ్చేవారు అరుదు. పుణ్యస్నానం చేసి మరలిపోయేవారు కొందరు. పాపికొండల విహారానికి వెళుతూ ఒక రాత్రి బస చేసేవారు కొందరు. తాడితోట అంగళ్లలో టోకుధరకు వస్త్రాలు కొనుక్కుపోయే వర్తకులు మరికొందరు. ఆ ఊళ్లో చూడదగినదేమున్నదని వీరిలో ఎవరినైనా అడిగితే ‘గోదావరి’ అని ఒక్క మాటలో చెప్పి ఊరుకుంటారు. ఆ జవాబులో అసత్యం లేదు. వేయి సంవత్సరాల చరిత్ర కలదని చెప్పుకునే ఈ నగరంలో ప్రాచీన రాజప్రాసాదం ఒక్కటి లేదు. హంపిలోవలె శిథిల మండపాలు గాని, ఓరుగల్లులోవలె శిలాతోరణాలు గాని కానరావు. అందువల్ల చూడవచ్చినవాడు నిరాశ చెందడం సహజమే.

ఇటువంటి సందర్భంలో దూరదేశపు నగరమొకటి గుర్తుకు రావడం వింత కాదు. స్పెయిన్ దేశంలో టొలేడో అనే ప్రాచీన నగరమున్నది. ఆ దేశ రాజధాని మాడ్రిడ్‌కు సుమారు డెబ్బయి కిలోమీటర్ల దూరంలో, మూడు వైపులా తాహో నది చుట్టి ప్రవహించే గుట్టమీద అది వెలసింది. ఒకటి రెండు దినాల విరామం దొరికిన యాత్రికులు అక్కడికి వెళ్లి, రాతి వంతెనలను, కోటద్వారాలను, మహోన్నతమైన క్రైస్తవ ప్రార్థనామందిరాన్ని చూసి వస్తారు. యునెస్కో 1986లో ఆ నగరాన్ని ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది. ఆ నగరానికి మరొక ఖ్యాతి కూడా ఉన్నది. 12వ శతాబ్దంలో ఐరోపా నలుమూలల నుండి పండితులు అక్కడికి చేరి, అరబ్బీ భాషలోని గణిత, ఖగోళ, వైద్య గ్రంథాలను లాటిన్ భాషలోకి అనువదించారు. ఇటలీ దేశస్థుడైన జెరార్డ్ అనే పండితుడు టాలమీ ఖగోళ గ్రంథం కోసమే అక్కడికి వెళ్లి, జీవితాంతం ఆ పనిలోనే ఉండిపోయాడు. దానికి నూరేళ్లు ముందుగా గోదావరి గట్టున సంస్కృత మహాభారతం తెలుగు కావ్యంగా రూపు దిద్దుకోవడం మొదలైంది. రెండూ నదీతీర నగరాలే; రెండూ ఒక భాషలోని విద్యను మరొక భాషకు అందించిన నగరాలే. అక్కడ ఆనాటి కట్టడాలు నేటికీ నిలిచి ఉన్నాయి, ఇక్కడ లేవు. కనుక రాజమహేంద్రవరాన్ని చూడదలచినవాడు ఏ చోట ఏమి జరిగినదో కొంత తెలుసుకొని మరీ చూడాలి. అప్పుడు రెండు దినాలు కూడా చాలవు.

మొదటి దినం తెల్లవారుజామున పుష్కరాల రేవుకు వెళ్లడం మంచిది. నగరం నదికి తూర్పున ఉండడం చేత సూర్యుడు ఊరి వెనుక నుండి పైకి వస్తాడు. ముందుగా వెలుగు సోకేది ఆవలి గట్టున ఉన్న కొవ్వూరుకు. ఆ తరువాత నది నడిమికి. చిట్టచివరకు ఈవలి మెట్లకు. ఇక్కడ గోదావరి వెడల్పు మూడు కిలోమీటర్లకు కొంచెం తక్కువ. వర్షకాలంలో ఎర్రని నీటితో నిండుగా పారే నది వేసవిలో ఇసుక తిన్నెల నడుమ పాయలుగా చీలి, శాంతంగా ఉంటుంది. పన్నెండేళ్లకొకసారి వచ్చే పుష్కరాలకు ఈ రేవు, దీనికి ఎగువన ఉన్న కోటిలింగాల రేవు జనసముద్రాలవుతాయి. 2015 జూలై 14న, పుష్కరాల తొలినాడు, ఈ రేవులోనే తొక్కిసలాట జరిగి పాతికమందికి పైగా యాత్రికులు ప్రాణాలు కోల్పోయారు. తరువాతి పుష్కరాలు 2027లో వస్తాయి.

రేవులో నిలిచి చూస్తే కనిపించే వారధులలో పెద్దదాని వయస్సు నూటపాతికేళ్లు. దానిపేరు హేవలాక్ వంతెన. నాటి మద్రాసు గవర్నరు పేరు దీనికి పెట్టారు. 1897 నవంబరులో పని ప్రారంభమై 1900 ఆగస్టులో రాకపోకలు మొదలయ్యాయి. నిర్మాణబాధ్యత వహించిన వాల్టన్ అనే ఇంజనీరు అంతకుముందు కాశీలో గంగపై వంతెన కట్టి పేరు పొందినవాడు. అంతవరకు ఒక గట్టున రైలు దిగినవారు పడవపై నది దాటి, అవతలి గట్టున మరొక రైలు ఎక్కవలసి వచ్చేది. 56 ఖానాల ఈ వంతెన మీద తొంభై ఏడు సంవత్సరాలపాటు రైళ్లు నడిచాయి, 1997లో నిలిచిపోయాయి. 1974లో రైలుకు, రోడ్డుకు కలిపి నిర్మించిన రెండవ వారధి నాలుగు కిలోమీటర్లకు పైబడిన పొడవుతో నేటికీ సేవ చేస్తున్నది. విల్లులవలె వంగిన 28 కమానులతో కనిపించేది మూడవది. చిత్రకారులకు, ఛాయాచిత్రకారులకు అది ప్రీతిపాత్రం. నాలుగవది 2015లో వచ్చిన రోడ్డు వంతెన. వంతెన మీద రైలు పోతున్నప్పుడు కిటికీల నుండి నాణేలు నదిలో పడడం ఇప్పటికీ చూడవచ్చు. ప్రయాణికులకు అది మొక్కు. రేవులోని పిల్లలకు అది వేట.

నగరానికి ఆ పేరు ఎలా వచ్చిందన్న విషయంలో చరిత్రకారులది ఏకాభిప్రాయం కాదు. తూర్పు చాళుక్య రాజైన అమ్మరాజుకు ‘రాజమహేంద్రుడు’ అనే బిరుదు ఉన్నదని, ఆయన పేరుమీదనే నగరం ఏర్పడిందని కొందరు అంటారు. రాజరాజ నరేంద్రుని పేరుతోనే నగరం ప్రసిద్ధికెక్కిందనడంలో మాత్రం సందేహం లేదు. ఆయన 1022 ఆగస్టులో పట్టాభిషిక్తుడైనాడు. తల్లి కుందవ్వ చోళచక్రవర్తి రాజరాజు కూతురు. భార్య అమ్మంగదేవి రాజేంద్రచోళుని కూతురు. ఆయన కుమారుడే తరువాత చోళసింహాసనం అధిష్ఠించి కులోత్తుంగుడనే పేరుతో ఖ్యాతి గాంచాడు. ఇంత బంధుబలమున్నా ఆ రాజు పాలన కంటకరహితంగా సాగలేదు. సవతి సోదరునితో, పశ్చిమ చాళుక్యులతో పోరాటాలు తప్పలేదు. ఒడిదుడుకుల నడుమ ఏలిన ఆ రాజు తన వంశానికి మూలపురుషులని నమ్మిన పాండవుల కథను తెలుగులో వినగోరాడు. తన కులబ్రాహ్మణుడైన నన్నయభట్టును ఆ పనికి నియోగించాడు.

నన్నయ ఆది, సభా పర్వాలను ముగించి, అరణ్యపర్వంలో నాల్గవ ఆశ్వాసం నడుమ ఆగిపోయాడు. ఎందుకు ఆగిందన్నదానికి కథలు ఎన్నో ఉన్నాయి, ఆధారాలు లేవు. సహాధ్యాయుడైన నారాయణభట్టు తనకు తోడ్పడిన తీరును నన్నయ స్వయంగా కృతజ్ఞతతో చెప్పుకున్నాడు. 13వ శతాబ్దంలో తిక్కన విరాటపర్వం నుండి చివరివరకు పదిహేను పర్వాలు రచించాడు గాని, అరణ్యపర్వంలోని లోటును ముట్టుకోలేదు. 14వ శతాబ్దంలో ఎఱ్ఱన ఆ భాగాన్ని పూర్తిచేశాడు. పూర్తిచేసి తన కాలపు రాజుకు గాక, ఏనాడో గతించిన రాజరాజ నరేంద్రునికే అంకితమిచ్చాడు. రాజు పోయాడు, రాజ్యం పోయింది, వంశం చోళులలో కలిసిపోయింది. అయినా రెండున్నర శతాబ్దాల తరువాత కూడా ఒక మహాకవి ఆ రాజు పేరునే నిలబెట్టాడు. రాజప్రాసాదమేదని వెతికే యాత్రికునికి చెప్పదగిన సమాధానం ఇదే.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. నగరంలో చిత్రాంగి మేడ ఉన్న చోటని, సారంగధరుని కాళ్లు చేతులు నరికించిన మెట్ట అని ఆటోవాళ్లు చూపించే స్థలాలున్నాయి. సవతితల్లి అపనింద వల్ల రాజకుమారుడు శిక్ష పొందిన ఆ కథ కావ్యాలలో, నాటకాలలో, చలనచిత్రాలలో జనహృదయాలను కరిగించింది. చరిత్రలో దానికి నిదర్శనం లేదు. అయినా మెట్టను చూడకుండా రావలసిన పనిలేదు; జనం ఒక కథను ఎంతగా నమ్మారో చూడడం కూడా యాత్రలో భాగమే.

నదిగట్టు రోడ్డులో ఉన్న రాళ్లబండి సుబ్బారావు ప్రభుత్వ పురావస్తు ప్రదర్శనశాలకు తరచు ఎవరూ రారు. వచ్చినవారు గంటలో చూసి వెళ్లిపోతారు. శిల్పాలు, నాణేలు, తామ్రశాసనాలు, తాటాకు ప్రతులు అక్కడ భద్రపరచబడి ఉన్నాయి. వాటికి మూలం 1922నాటి ఒక ఉత్సాహం. రాజరాజ నరేంద్రుని పట్టాభిషేకం జరిగి తొమ్మిది వందల సంవత్సరాలైన సందర్భంలో కొందరు పండితులు రాజమహేంద్రవరంలో కూడి ఆంధ్రేతిహాస పరిశోధక మండలిని స్థాపించారు. ప్రభుత్వ ఆజ్ఞ గాని, జీతాలు గాని లేకుండా పల్లెపల్లె తిరిగి శాసనాలు సేకరించి, చదివి, ప్రకటించారు. అదేవిధంగా నగరంలోని గౌతమీ గ్రంథాలయం కూడా వ్యక్తులు కూడబెట్టిన పుస్తకాల రాశులతోనే ఎదిగింది. ప్రధాన వీథిలోని పాత మసీదు ద్వారంపై 1324నాటి పారసీక శాసనం చెక్కబడి ఉన్నది. కాకతీయ సామ్రాజ్యం కూలిన మరుసటి సంవత్సరమే ఢిల్లీ సుల్తాను సేనలు గోదావరి వరకు వచ్చాయనడానికి ఆ రాయే సాక్ష్యం. ఆ తరువాత ఈ నగరం రెడ్డిరాజుల రాజధాని అయింది. శ్రీనాథుడు వీరభద్రారెడ్డికి కాశీఖండం అంకితమిచ్చింది ఆ కాలంలోనే.

మధ్యాహ్నానంతరం కందుకూరి వీరేశలింగం పంతులు జన్మించిన ఇంటికి వెళ్లాలి. అది ప్రభుత్వ సంరక్షణలో ఉన్న పాతకాలపు పెంకుటిల్లు. 1848 ఏప్రిల్ 16న జన్మించిన వీరేశలింగం ఆ ఊళ్లోనే చదివి, ఆ ఊళ్లోనే ఉపాధ్యాయుడై, 1874లో వివేకవర్ధని పత్రికను స్థాపించాడు. పత్రికలో రాసినదాన్ని చేసి చూపిన దినం 1881 డిసెంబరు 11. ఆ రాత్రి ఆయన గౌరమ్మ అనే బాలవితంతువుకు గోగులపాటి శ్రీరాములుతో వివాహం జరిపించాడు. ఆంధ్రదేశంలో ఆయన చేయించిన తొలి వితంతు వివాహం అదే. చట్టం అంతకు పాతికేళ్ల ముందే, 1856లో, అటువంటి వివాహాలకు అనుమతి ఇచ్చింది. అయితే చట్టం పుస్తకంలో ఉన్నది, ఊరు ఎదురుగా ఉన్నది. పురోహితులు వెనుకాడారు, వంటవారు మానుకున్నారు, నీళ్లు తెచ్చేవారు కూడా రాలేదు. అప్పుడు భార్య రాజ్యలక్ష్మమ్మ బిందె తీసుకొని గోదావరికి వెళ్లి తానే నీళ్లు మోసుకొని వచ్చింది, తానే వంట చేసింది. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య ధనసహాయం చేశాడు. పెండ్లి జరుగుతున్నంతసేపూ పోలీసులు కాపలా కాశారు.

వీరేశలింగం గురించి పాఠ్యపుస్తకాలలో చాలా ఉంటుంది. రాజ్యలక్ష్మమ్మ గురించి రెండు వాక్యాలుంటాయి. ఆ ఇంటి నుండి నదికి నడిచి చూసిన యాత్రికునికి ఆ రెండు వాక్యాల బరువు తెలుస్తుంది. బహిష్కృతురాలైన ఇల్లాలు నిండుబిందె నెత్తుకొని, తలుపుల వెనుక నుండి చూసే కళ్ల నడుమ, ఆ వీథిలోనే నడచిపోయింది. ఆ తరువాత అలా వివాహం చేసుకొన్న దంపతులకు ఆమె తన ఇంటిలోనే ఆశ్రయమిచ్చి పోషించింది. నగరంలోని పురమందిరాన్ని వీరేశలింగం 1890లో నిర్మించాడు. జీవితాంతంలో తన ఆస్తిని, ముద్రణాలయాన్ని, గ్రంథాల ఆదాయాన్ని తాను స్థాపించిన హితకారిణీ సమాజానికి ధారపోశాడు. ఆయన నెలకొల్పిన పాఠశాలలో నేటికీ పిల్లలు చదువుతున్నారు.

సాయంకాలం ప్రధాన వీథిలో గడపవచ్చు. చల్లని రోజ్ మిల్క్ తాగనిదే ఊరు చూసినట్లు కాదని స్థానికులంటారు. ఎండాకాలంలో వచ్చినవారు ఆ మాటను ఒప్పుకోకతప్పదు. ఆత్రేయపురం పూతరేకులు, తాపేశ్వరం మడతకాజాలు అంగడి అంగడిలో దొరుకుతాయి. వరదనీరు వచ్చే నెలలలో పులస చేప కోసం జరిగే బేరాలు వినడానికే వేడుక. కొనడం అందరికీ సాధ్యం కాదు. చీకటిపడే వేళకు మరల గట్టుమీదికి చేరితే సూర్యుడు కొవ్వూరు వైపు నదిలోకి దిగుతూ కనిపిస్తాడు.

రెండవ దినం ఉదయం దామెర్ల రామారావు చిత్రకళా మందిరంతో ప్రారంభించాలి. గట్టుకు సమీపంలో ఉన్నా ఈ మందిరాన్ని అడిగి తెలుసుకొని వెళ్లవలసిందే. రామారావు 1897లో రాజమహేంద్రవరంలో జన్మించాడు. ఆనాడు ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాల్‌గా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఆంగ్లేయుడు ఆ బాలుని చేతిలోని విద్యను గుర్తించాడు. కూల్డ్రే స్వయంగా కవి, చిత్రకారుడు. శిష్యులను వెంటబెట్టుకొని తిరుగుతూ, ఎదుటి చెట్టును, కొండను, కోనేటిని చూసి గీయడం నేర్పాడు. అడివి బాపిరాజు కూడా ఆయన శిష్యుడే. గురువు ప్రోత్సాహంతో రామారావు బొంబాయి జె.జె. చిత్రకళాశాలకు వెళ్లాడు. శిక్షణ ముగించుకొన్నాక సొంత ఊరికే తిరిగివచ్చి, మిత్రులతో కలిసి చిత్రకళాశాల నడిపాడు. అతని భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రాలు గీశారు.

1925 ఫిబ్రవరిలో మశూచి సోకి రామారావు మరణించాడు. అప్పటికి అతనికి ఇరువది ఎనిమిదేళ్లైనా నిండలేదు. మిత్రుడు వరదా వెంకటరత్నం ఆ చిత్రాలను, ఆ పాఠశాలను కాపాడుతూ వచ్చాడు. ‘పుష్పాలంకరణ’, ‘సిద్ధార్థ రాగోదయం’ వంటి చిత్రాల ముందు తొందరపడకుండా నిలవాలి. గీతలలో అజంతా సంప్రదాయం కనిపిస్తుంది. చీరకట్టులో, కొప్పులలో, నిలుచున్న తీరులో తెలుగు ఇండ్ల స్త్రీలు కనిపిస్తారు. శతాబ్దం గడిచిన కాగితానికి నీటి రంగులు అంటి ఉండడమే గొప్ప. నదికి ఇంత చేరువలో, ఈ తేమగాలిలో వాటిని కాపాడడం ఖర్చుతో, శ్రద్ధతో కూడిన పని. చూసేవారు రాకపోతే ఆ ఖర్చు ఎందుకని అడిగేవారు పుట్టుకొస్తారు. కూల్డ్రే పనిచేసిన కళాశాల 1853లో పాఠశాలగా మొదలై 1873లో కళాశాల అయింది. సర్వేపల్లి రాధాకృష్ణన్ కొంతకాలం అక్కడ బోధించాడు. 1907లో బిపిన్ చంద్రపాల్ నగరానికి వచ్చినప్పుడు ఆయన ఉపన్యాసాలను చిలకమర్తి లక్ష్మీనరసింహం తెలిగించాడు. వందేమాతరం బిళ్లలు ధరించినందుకు విద్యార్థులు శిక్షలకు గురి కాగా, శిక్షణ కళాశాల విద్యార్థి గాడిచర్ల హరిసర్వోత్తమరావు బహిష్కృతుడైనాడు.

మధ్యాహ్నం ధవళేశ్వరం వెళ్లాలి. నగరం దాటి దక్షిణంగా కొద్ది కిలోమీటర్లు పోతే వస్తుంది. కడియం పూలతోటలు కూడా ఆ దాపునే ఉన్నా, వ్యవధి తక్కువైనవారు ఆనకట్టకే సమయం కేటాయించడం మేలు. ఇక్కడే గోదావరి గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలుతుంది. 1833నాటి కరవులో, 1839నాటి ఉప్పెనలో ఈ ప్రాంతం అల్లాడిపోయింది. పక్కనే మహానది ఉండగా పొలాలు ఎండిపోవడం, జనం ఊళ్లు విడిచి పోవడం ఆనాటి స్థితి. ఆర్థర్ కాటన్ అనే సైనిక ఇంజనీరు ఆ స్థితిని చూసి, ఆనకట్ట కడితే అయ్యే ఖర్చు ప్రభుత్వానికి శిస్తు రూపంలో తిరిగి వస్తుందని వాదించాడు. 1847లో పని మొదలై 1852లో ముగిసింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలుగా, లంకల నడుమ ఆనకట్ట లేచింది. రాయి పక్కనున్న కొండ నుండే వచ్చింది. కాటన్‌కు కుడిభుజంగా నిలిచిన తెలుగు ఇంజనీరు వీణెం వీరన్న పేరు తక్కువమందికి తెలుసు. రాయి మోసిన వేలాది కూలీల పేర్లు ఎక్కడా లేవు.

గోదావరిలో స్నానసంకల్పం చెప్పేటప్పుడు కాటన్ పేరును కూడా స్మరించేవారని ఈ ప్రాంతంలో ప్రతీతి. గుర్రంమీద కూర్చున్న ఆయన విగ్రహాలు డెల్టా గ్రామాలలో నేటికీ కనిపిస్తాయి. పరాయి పాలకుల ఉద్యోగికి ఇంత గౌరవమెందుకని సందేహించే విద్యార్థి ఆనకట్ట దిగువన కాలువ మొదలయ్యే చోట కొంతసేపు నిలబడితే చాలు. అక్కడ నుండి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు నీరు పోతుంది. పది లక్షల ఎకరాలకు పైగా తడుస్తుంది. రైలు, బస్సు రాకముందు ఈ కాలువలే రహదారులు. ధాన్యం బస్తాలూ ప్రయాణికులూ పడవలలోనే పోయేవారు. ధవళేశ్వరంలో కాటన్ పేరిట ఉన్న ప్రదర్శనశాలలో నాటి యంత్రపరికరాలు, నమూనాలు చూడవచ్చు.

పాత ఆనకట్ట నూటపాతికేళ్లకు పైగా నిలిచింది. దాని స్థానంలో 175 తలుపులతో కొత్త బ్యారేజి 1982లో పూర్తయింది. నాలుగేళ్లు గడిచాయో లేదో, 1986 ఆగస్టులో సెకనుకు 35 లక్షల ఘనపుటడుగుల వరద దీనిమీదుగా పోయింది. బ్యారేజి నిలిచింది గాని, దిగువన ఏటిగట్లు తెగి డెల్టా గ్రామాలు మునిగాయి. యాత్రికులు తలుపుల మీది నడకదారిలో ఛాయాచిత్రాలు తీసుకొని వెళ్లిపోతారు; అక్కడి నీటిమట్టం కొలబద్దను గమనించేవారు తక్కువ. వరదకాలంలో ఆ కొలబద్ద చెప్పే అంకె కోసం కోనసీమ లంకలన్నీ ఎదురుచూస్తాయి. నీరు 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది. మొదటి హెచ్చరిక వినగానే లంకవాసులు పశువులను గట్టుమీదికి తోలుతారు. రెండవదానికి సామాను పడవలలోకి ఎక్కుతుంది. మూడవ హెచ్చరిక వచ్చేసరికి ఇండ్లు ఖాళీ అయి ఉండాలి.